ఐటీపీఎల్ దగ్గర ఉద్యోగం, 42 వేల జీతం: బెంగళూరులో ఇల్లు ఎటువైపు చూసుకోవాలి?

టమాటాసంత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె. తొమ్మిదేళ్ళుగా ఊళ్ళోనే ఒక సంస్థలో లెక్కలు చూస్తున్నాను. ఇప్పుడు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, ఐటీపీఎల్ అనే ఐటీ పార్కును ఆనుకొని ఉన్న ఒక కార్యాలయంలో ఉద్యోగం దొరికింది. కోతలన్నీ పోగా నెలకు 42 వేలు చేతికి వస్తుంది. వచ్చే నెల 5వ తేదీన చేరాలి. ఇంట్లో నేను, నా భార్య, యూకేజీ ముగించిన పాప. సేద్యం పని తక్కువగా ఉండే నెలల్లో మా అమ్మ కూడా వచ్చి ఉంటుంది.

మొన్న ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, చింతామణి, హోసకోటల మీదుగా వెళ్ళి కె.ఆర్.పురంలో దిగి, చీకటి పడేదాకా ఇళ్ళు చూశాను. మూడు చోట్ల మాట కుదిరేలాగే ఉంది గాని, ఒక్కొక్క దానికి ఒక్కొక్క భయం పట్టుకుంది.

మొదటిది హూడిలో, మూడో అంతస్తులో ఒక పడకగది ఇల్లు. బాడుగ 19 వేలు, మెయింటెనెన్సు 1,500, అడ్వాన్సు లక్షన్నర. ఆఫీసు అక్కడికి మెట్రోలో ఐదో స్టేషను. రెండవది హోసకోటలో, రెండు పడకగదులు, ముందర పాప ఆడుకోవడానికి కాస్త వాకిలి, బాడుగ 10 వేలు, అడ్వాన్సు 50 వేలు. మా ఊరి బస్సు ఆ వీధి మొగదలలోనే ఆగుతుంది, అమ్మ రాకపోకలకు అంతకన్నా సుఖం లేదు. నేను రోజూ ఆఫీసుకు పోయి రావడమే సమస్య. మూడవది కె.ఆర్.పురంలో లీజు ఇల్లు. 9 లక్షలు ఒకేసారి కడితే మూడేళ్ళపాటు బాడుగ లేకుండా ఉండవచ్చునని, గడువు తీరిన రోజున మొత్తం సొమ్ము తిరిగి చేతికి ఇస్తారని మధ్యవర్తి చెప్పాడు. నేను దాచుకున్నది 4 లక్షలు. మిగిలిన 5 లక్షలకు నా భార్య నగలు తాకట్టు పెట్టవలసి వస్తుంది. బాడుగ కట్టడమంటే బూడిదలో పోసిన పన్నీరేనని, లీజయితే అసలు ఎక్కడికీ పోదని మా బావమరిది నాలుగు రోజులుగా నా చెవిలో ఇల్లు కట్టుకొని చెబుతున్నాడు.

ఈ జీతంలో బాడుగకు ఎంతవరకు పోవచ్చు? దగ్గరి ఇంటికి ఎక్కువ కట్టడం మేలా, దూరపు ఇంట్లో ఉండి ప్రయాణానికి కట్టడం మేలా? లీజు మాటేమిటి? అక్కడ కాపురం చేసి చూసినవారు చెబితే రుణపడి ఉంటాను.

కాడుగోడి కాపురం

మేము 2019లో అనంతపురం నుంచి వచ్చాము, నా ఆఫీసు కూడా ఐటీపీఎల్ ఆవరణలోనే. ఆరేడేళ్ళలో మూడు ఇళ్ళు మారినవాణ్ణి కాబట్టి మీ మూడు భయాలలో రెండు నాకు బాగా పరిచయం. లీజు సంగతి నాకంటే తెలిసినవారు చెబుతారు.

మా మొదటి ఇల్లు మారతహళ్ళి పక్కన మున్నెకొలాలలో. ఎవరిని అడిగినా మారతహళ్ళి పేరే చెప్పారు, ఎందుకంటే అక్కడ అడుగుకొక ఆంధ్రా మెస్సు, తెలుగులో బేరమాడే కూరగాయల బండి ఉంటాయి, కొత్తగా వచ్చినవాడికి సగం బెంగ అక్కడే తీరిపోతుంది. మ్యాపులో ఆఫీసు ఏడెనిమిది కిలోమీటర్లే. అయితే అప్పటికి ఇటు మెట్రో లేదు. సాయంత్రం ఆరింటికి బస్సెక్కితే కుందలహళ్ళి దాటేసరికే ఏడయ్యేది, ఇల్లు చేరేసరికి ఏడున్నర. ఈ ఊళ్ళో దూరం గురించి కిలోమీటర్లలో అడిగితే మీకు వచ్చే జవాబు ఎందుకూ పనికిరాదని అప్పుడే తెలుసుకున్నాను.

2023 మార్చి 25న కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా, అదే సంవత్సరం అక్టోబరు 9న బైయప్పనహళ్ళి నుంచి కె.ఆర్.పురం దాకా మెట్రో పర్పుల్ లైను తెరిచిన తరువాత లెక్క పూర్తిగా మారింది. మీరు దిగవలసిన స్టేషను పట్టందూరు అగ్రహార. అక్కడికి హూడి నుంచి వచ్చినా, కె.ఆర్.పురం నుంచి వచ్చినా, ఇటు చివర ఉన్న వైట్‌ఫీల్డ్ (కాడుగోడి) స్టేషను నుంచి వచ్చినా రైలులో గడిపే సమయంలో పెద్ద తేడా ఉండదు, కె.ఆర్.పురం నుంచి ఎనిమిదో స్టేషను, కాడుగోడి నుంచి మూడోది, అంతే. తేడా అంతా ఇంటి గుమ్మం నుంచి స్టేషను మెట్ల దాకా ఉన్న ముక్కలో ఉంది. హూడిలో అంత బాడుగ అడగడానికి కారణం ఆ ముక్క చిన్నది కావడమే. మీరు ఆ ముక్కను ఒక ఇరవై నిమిషాల నడకగా ఒప్పుకోగలిగితే బాడుగ అయిదారు వేలు దిగుతుంది. నేను ఉంటున్న బెళతూరులోనూ, చన్నసంద్ర లోపలి వీధుల్లోనూ, నాగొండనహళ్ళిలోనూ ఒక పడకగది ఇళ్ళు 12, 13 వేలకు ఇప్పటికీ కనబడుతున్నాయి. అయితే ఆ ఇరవై నిమిషాలు ఎవరో చెప్పినవి కాక, మీరు స్వయంగా, పనిరోజున, ఉదయం ఎనిమిదింటికి నడిచి చూసుకున్నవి కావాలి. ఆదివారం చూసిన బెంగళూరు వేరే ఊరు.

ఇక నీళ్ళు. దీని గురించి మీరు ఒక్క మాటా రాయలేదు, అదే నాకు కాస్త భయంగా ఉంది. మా రెండవ ఇల్లు నల్లూరహళ్ళిలో, ఆఫీసుకు నడిచి పోయేంత దగ్గర. బాడుగ ఎక్కువైనా ప్రయాణం తప్పిందని సంబరపడ్డాము. 2024 వేసవిలో ఆ భవనం బోరు ఎండిపోయింది. రాత్రి పదిన్నరకో పదకొండుకో ట్యాంకరు వచ్చి సంపులోకి పైపు దించిన చప్పుడు కాగానే ఇంటిల్లిపాదీ లేచి బకెట్లు, గిన్నెలు, చివరికి ప్రెషర్ కుక్కరు కూడా కుళాయి కింద పెట్టేవాళ్ళం, ఎందుకంటే పై ట్యాంకుకు ఎక్కించిన నీళ్ళు తెల్లవారేసరికి అయిదు అంతస్తులకూ చాలేవి కావు. బాల్కనీలో 200 లీటర్ల నీలం డ్రమ్ము ఒకటి పెట్టుకున్నాము. బట్టలు ఆరేయడానికి చోటు అక్కడితో పోయింది. ఆ మార్చిలో అధికారులు 12,000 లీటర్ల ట్యాంకరుకు 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలని ధర కట్టారు గాని, మా యజమాని పంచిన లెక్కలో ఏప్రిల్ నెల నీళ్ళ వాటాగా ఒక్కొక్క ఇంటికి 2,800 పడింది. బాడుగ చీటీలో ఆ మాట ఎక్కడా లేదు.

2024 అక్టోబరులో కావేరి ఐదవ దశ ప్రారంభమై, నగరంలో తరువాత కలిసిన 110 గ్రామాలకు నది నీళ్ళు ఇచ్చే ఏర్పాటు జరిగింది. మన వైపు చాలా ఊళ్ళు ఆ జాబితాలోవే. అయితే కావేరి పైపు వీధిలో ఉండటం వేరు, ఇంటికి కనెక్షను తీసుకొని ఉండటం వేరు. "కావేరి ఉంది సార్" అనే మాట నమ్మకుండా, నగరానికి నీళ్ళిచ్చే జలమండలి బిల్లు ఒకటి చూపించమని అడగండి. చూపలేకపోతే లేదనే లెక్క. ఇంకొక పని కూడా చేయండి: ఆ ఇంటి కింద ఉన్న చిల్లర కొట్టులో ఒక బిస్కెట్ పొట్లం కొని, ఈ వీధికి ట్యాంకరు వారానికి ఎన్నిసార్లు వస్తుందని అడగండి. యజమాని చెప్పని సంగతులన్నీ కొట్టాయన చెబుతాడు.

మీ 42 వేలలో హూడి ఇల్లు తీసుకుంటే మెయింటెనెన్సు, నీళ్ళు, కరెంటు కలిసి 22 వేలు దాటుతుంది. పాప బడి ఫీజు ఇంకా రాలేదు. అది వద్దని నా అభిప్రాయం. హోసకోట ఇంటికి బాడుగ తక్కువే గాని, వైట్‌ఫీల్డ్ రోడ్డు మీద బస్సులో పోయి రావడానికి రోజుకు మూడు గంటలు పెట్టుకోండి. అన్నీ కలిపి 15 వేలు దాటకుండా చూసుకుంటే నెలాఖరున చేబదులు అడగవలసిన పని ఉండదు. అన్నిటికన్నా ముందు, కుటుంబాన్ని ఇప్పుడే తీసుకురాకండి. ఒక నెల ఏదైనా పీజీలో ఉండి, రోజూ సాయంత్రం ఒక్కొక్క వీధి నడవండి. ఈ వైపు మంచి ఇళ్ళు చాలామటుకు ఫోన్లలోకి ఎక్కవు. గేటుకు కట్టిన అట్ట ముక్క మీద "బాడిగెగె ఇదె" అని కన్నడంలో రాసి ఉంటుంది, కింద నంబరు ఉంటుంది. మన బాడుగే వాళ్ళ బాడిగె, లిపి కూడా దగ్గరిదే కాబట్టి రెండు రోజుల్లో చదవడం వచ్చేస్తుంది. బ్రోకరుకు ఇచ్చే ఒక నెల బాడుగ మిగులుతుంది.

కుప్పం సీజన్ టికెట్టు

నేను అసలు ఇల్లే మారలేదు. కుప్పం నుంచి వైట్‌ఫీల్డ్‌కు రైలు దారిలో దాదాపు 80 కిలోమీటర్లు. నెలవారీ సీజన్ టికెట్టు తీసుకొని నాలాగా రోజూ పోయి వచ్చేవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్లో దిగితే మెట్రో పక్కనే. డబ్బు లెక్కలో దీనికి సాటి లేదు. సొంత ఇల్లు, నెలకు కొన్ని వందల టికెట్టు.

అయితే పూర్తి లెక్క కూడా చెప్పాలి కదా. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాను, రాత్రి తొమ్మిది దాటాక ఇల్లు చేరతాను. సాయంత్రం బండి బంగారుపేటలో ఆగిపోయిందంటే పదిన్నర. మా అబ్బాయికి నేను ఆదివారం నాన్నను. పెళ్ళికి ముందు మూడేళ్ళు ఇది నాకు కష్టమనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది.

మదనపల్లెకు ఈ వీలు ఎలాగూ లేదు. మదనపల్లె రోడ్డు స్టేషను పాకాల, ధర్మవరం దారిలో ఉంది, అదీ ఊరికి దూరం. కాని మీరు హోసకోట దాకా ఆలోచించారు కాబట్టి మాలూరు కూడా ఒకసారి చూడండి. బాడుగలు హోసకోటకు దగ్గరగానే ఉంటాయి, తెలుగు అందరికీ తెలుసు, పైగా అక్కడి నుంచి వైట్‌ఫీల్డ్‌కు రైలు ఉంది కాబట్టి రోడ్డు మీద ఇరుక్కునే బాధ లేదు. రైలు వేళలకు మీ ఆఫీసు వేళలు కుదరాలి, అదొక్కటే షరతు. కుదరకపోతే మాలూరు మాట మరిచిపోండి.

ఈసీ చూశారా

నేను బ్యాంకులో రుణాల విభాగంలో పని చేస్తున్నాను, బెంగళూరులో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. లీజు గురించి మాత్రమే రాస్తాను.

మీ బావమరిది గారు చెప్పినది లెక్క ప్రకారం తప్పు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. 5 లక్షల బంగారు రుణానికి నూటికి ఏడాదికి 10 చొప్పున వడ్డీ వేసుకుంటే 50 వేలు. మీ 4 లక్షలు డిపాజిట్టులో ఉంటే ఆరున్నర శాతం చొప్పున 26 వేలు వచ్చేవి, అవి రావు. రెండూ కలిపి ఏడాదికి 76 వేలు, అంటే నెలకు సుమారు 6,300. 15 వేల బాడుగ ఇల్లు 6,300కు దొరికినట్టే. ఇంత లాభసాటిగా కనబడుతుంది కాబట్టే చదువుకున్నవాళ్ళు కూడా కాగితాలు చూడకుండా డబ్బు కడతారు.

ఇప్పుడు ఆ 9 లక్షలు ఎక్కడికి పోతాయో ఆలోచించండి. ఇంటి యజమాని ఆ డబ్బును బీరువాలో దాచిపెట్టడు. అప్పు తీర్చుకుంటాడు, పై అంతస్తు కడతాడు, కూతురి పెళ్ళి చేస్తాడు. మూడేళ్ళ తరువాత మీకు ఇవ్వవలసింది అతని దగ్గర ఉండదు. మీ తరువాత లీజుకు వచ్చేవాడు తెచ్చే సొమ్మే మీకు ఇస్తాడు. ఆ మనిషి దొరికేదాకా మీరు ఖాళీ చేయలేరు, చేస్తే డబ్బు రాదు. నిజాయితీపరుడైన యజమాని విషయంలోనే ఇలా ఉంటుంది.

ఇంకా రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, ఆ ఇల్లు ముందే బ్యాంకులో తాకట్టులో ఉండటం. యజమాని వాయిదాలు కట్టడం మానేస్తే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుంటుంది, అప్పుడు మీ లీజు పత్రం పట్టుకొని గుమ్మంలో నిలబడినా మిమ్మల్ని ఎవరూ లెక్కచేయరు. మా దూరపు బంధువులకు సరిగ్గా ఇదే జరిగింది. తలుపుకు నోటీసు అంటించిన రోజున వాళ్ళు ఊరికి వెళ్ళి ఉన్నారు, పక్కింటివాళ్ళు ఫోటో తీసి పంపితే తెలిసింది. 7 లక్షలలో ఇప్పటికి వసూలైనది లక్షా ఇరవై వేలు, అదీ విడతలుగా. రెండవ ప్రమాదం మధ్యవర్తిది. కొందరు యజమాని దగ్గర నెల బాడుగకు ఇల్లు తీసుకొని, మీకు దాన్నే లీజుకు ఇస్తారు. మీ 9 లక్షలలోంచి కొన్ని నెలలు యజమానికి బాడుగ కట్టి, తరువాత ఫోను ఎత్తరు. యజమాని వచ్చి బాడుగ ఏదని మిమ్మల్ని అడుగుతాడు. మీరు మాట్లాడినది మధ్యవర్తితోనే అని రాశారు, యజమానిని చూసినట్టు రాయలేదు.

అయినా లీజే కావాలనుకుంటే కనీసం ఇవి చేయండి. ఆ ఇంటి ఈసీని, అంటే భార ధ్రువపత్రాన్ని, కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి అనే వెబ్‌సైటు నుంచి మీరే తీయించండి, వాళ్ళు చేతికిచ్చిన జెరాక్సు వద్దు. యజమానిని కలిసి అసలు దస్తావేజులు చూపించమనండి. "బ్యాంకు లాకరులో ఉన్నాయి" అన్నారంటే చాలామటుకు బ్యాంకు లాకరులో కాదు, బ్యాంకు చేతిలోనే ఉన్నాయని అర్థం. పత్రాలు అప్పగించి చేసిన తాకట్టు ఒక్కోసారి ఈసీలో కనబడకపోవచ్చు. దానికి సెర్సాయి అనే కేంద్ర రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా వెతుక్కోవచ్చు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి. నమోదుకు యజమాని వెనకాడితే అక్కడితో లేచి వచ్చేయండి. డబ్బంతా యజమాని ఖాతాలోకి బ్యాంకు ద్వారానే వెళ్ళాలి, ఒక్క రూపాయి కూడా మధ్యవర్తి ఖాతాకు వద్దు.

పరాయి మనిషి ఇంటి కోసం మీ శ్రీమతి నగలు తాకట్టు పెట్టడం నా మనసుకు నచ్చలేదు. ఇది బ్యాంకు సలహా కాదు, నా సొంత మాట.

రామమూర్తినగర్ ఓనరమ్మ

అందరూ బాడుగదారుల వైపు నుంచి రాశారు కాబట్టి నేను ఇవతలి వైపు నుంచి కొంచెం చెబుతాను. మా మామగారు చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థలం కొన్నారు. కింద మేము ఉంటాము, పైన నాలుగు పోర్షన్లు బాడుగకు ఇచ్చాము.

ఒకప్పుడు పది నెలల అడ్వాన్సు ఈ ఊరి ఆచారం. ఇప్పుడు అయిదారు నెలలకు దిగింది, కొందరు మూడు నెలలకే ఇస్తున్నారు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా బాడుగ చట్టంలో నివాసాలకు రెండు నెలలకు మించకూడదని ఉందని మా అబ్బాయి చదివి చెప్పాడు, కానీ అది నమూనాయే. ఆ మాట ఎత్తినవారికి ఏ ఓనరూ ఇల్లివ్వరు. మాకు అడ్వాన్సు ఎందుకంటే, బాడుగ ఎగ్గొట్టి మొండికేసినవారిని ఖాళీ చేయించాలంటే కోర్టులో ఏళ్ళు పడుతుంది, అప్పటి దాకా చేతిలో ఉండేది అదొక్కటే. ఆ భయం మీరు తీర్చగలిగితే అడ్వాన్సు తగ్గుతుంది. ఆఫీసు నియామక పత్రం తీసుకెళ్ళండి, మొదటిసారే భార్యను, పాపను వెంట తీసుకెళ్ళండి, ప్రతి నెలా ఫలానా తేదీన ఖాతాలో పడుతుందని చెప్పండి. మా పైపోర్షనుకు లక్ష చెప్పి 60 వేలకు ఇచ్చాము, ఆ పిల్లవాడు అడిగిన తీరు అలా ఉంది.

పెయింటు సంగతి ముందే మాట్లాడుకోండి. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల బాడుగ పట్టుకోవడం ఇక్కడ అందరూ చేసేదే, మేమూ చేస్తాము. ఆరు నెలలు ఉన్నా, ఆరేళ్ళు ఉన్నా అంతే పట్టుకోవడం అన్యాయమని నాకూ తెలుసు. కాబట్టి మూడేళ్ళు నిండితే పట్టుకోకూడదనో, సగమే పట్టుకోవాలనో 11 నెలల అగ్రిమెంటులో రాయించుకోండి. ఏడాదికి ఎంత శాతం పెంచుతారో కూడా అందులోనే ఉండాలి. మాంసం వండుతారా, ఇంట్లో ఎంతమంది, చుట్టాలు ఎన్నాళ్ళు ఉంటారు అని అడుగుతారు. కులం అడిగేవాళ్ళూ ఉన్నారు. బాధపడకండి, ఆ ఇల్లు మీకు వద్దు. మీ అమ్మగారు వచ్చి నెలల తరబడి ఉంటారన్న మాట మాత్రం ముందే చెప్పండి. నీళ్ళ గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

టమాటాసంత

మీ అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. చేరి మూడు వారాలయింది, జరిగినది రాయడం బాధ్యత అనుకుంటున్నాను.

లీజు మధ్యవర్తికి ఫోను చేసి, యజమానిని కలవాలని, ఈసీ నేనే తీసుకుంటాను కాబట్టి ఆస్తి వివరాలు కావాలని అడిగాను. "అంత అనుమానమైతే కష్టం సార్, ఇంకో పార్టీ రెడీగా ఉంది" అన్నాడు. మరుసటి రోజు నుంచి ఫోను ఎత్తడం లేదు. మా బావమరిదికి ఆ సంభాషణ రికార్డు వినిపించాను, ఏమీ అనలేదు. నగలు బీరువాలోనే ఉన్నాయి.

మాలూరు ఒక శనివారం చూశాను. ఊరు నచ్చింది, ఇల్లూ నచ్చింది, కాని నెలాఖరు రోజుల్లో మా విభాగం రాత్రి ఎనిమిదిన్నర దాకా కూర్చోవలసి వస్తుందని అప్పటికే తెలిసిపోయింది. ఆ వేళకు రైలును నమ్ముకోలేక వదులుకున్నాను.

కుందలహళ్ళి దగ్గర పీజీలో ఉంటూ, సాయంత్రాలు కాడుగోడి వైపు వీధులు తిరిగాను. పదకొండు ఇళ్ళు చూశాను. నాలుగింటిలో కావేరి ఉందన్నారు, బిల్లు అడిగితే ఇద్దరే చూపించారు. ఆ ఇద్దరిలో ఒకరి ఇల్లు కుదిరింది: చన్నసంద్రలో మొదటి అంతస్తు, ఒక పడకగది, వంటింటి పక్కన అమ్మ పడుకోవడానికి సరిపోయే చిన్న హాలు. బాడుగ 12,500, నీళ్ళు అందులోనే. స్టేషనుకు నా నడకలో 17 నిమిషాలు, వాన పడిన రోజున 25, ఎందుకంటే దారిలో ఒకచోట కాలువ పొంగి రోడ్డు మీదికి వస్తుంది, చుట్టు తిరిగి పోవాలి. ఇది కూడా వాన రోజున నడిచాను కాబట్టే తెలిసింది.

అడ్వాన్సు లక్షా ఇరవై వేలు చెప్పారు. ఓనరమ్మ గారు చెప్పినట్టు నా భార్యను, పాపను తీసుకెళ్ళాను. ఇంటావిడది కోలారు వైపట, తెలుగు మాకంటే బాగా మాట్లాడింది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకొని మా ఊరి టమాటా ధర అడిగింది. 75 వేలకు ఒప్పుకున్నారు. మూడేళ్ళు దాటితే పెయింటుకు సగం నెల బాడుగే పట్టుకుంటామని అగ్రిమెంటులో రాశారు, ఏటా 5 శాతం పెంపు. వచ్చే ఆదివారం సామాను వస్తుంది.

ఒక్క చిన్న సందేహం మిగిలింది. కరెంటు మీటరు మా పోర్షనుకు విడిగా ఉంది, 200 యూనిట్ల లోపు ఉచితం మాకు వస్తుందా? అలాగే ఆడవారికి బస్సు ఉచితమని విని నా భార్య ఎక్కితే, మదనపల్లె ఆధార్ చూసి టికెట్టు కొట్టాడు.

కాడుగోడి కాపురం

మంచి వీధి దొరికింది, ఆ కాలువ నాకు తెలుసు.

బస్సు సంగతి ముందు చెబుతాను. ఆడవారికి బస్సు ఉచితం చేసిన శక్తి పథకం 2023 జూన్ 11 నుంచి ఉంది గాని కర్ణాటక చిరునామా ఉన్నవారికే వర్తిస్తుంది, కాబట్టి కండక్టరు చేసినది సరైనదే. మీ శ్రీమతి ఆధార్‌లో చిరునామా మార్పించుకుంటే చాలు. ఏసీ బస్సులకు అది చెల్లదు.

ఉచిత కరెంటు పథకమైన గృహజ్యోతి కింద బాడుగదారులు కూడా నమోదు చేసుకోవచ్చు. కరెంటు సంస్థ బెస్కాం ఇచ్చే బిల్లు మీద ఆర్.ఆర్. నంబరు, అంటే కనెక్షను నంబరు, ఉంటుంది, దాన్ని మీ ఆధార్‌తో సేవాసింధు అనే ప్రభుత్వ వెబ్‌సైటులో జోడించాలి. మీకు ముందు ఉన్నవాళ్ళ ఆధార్ అదే నంబరుకు అంటుకొని ఉంటే మీది ఎక్కదు. మాకు ఇలాగే రెండు నెలలు పూర్తి బిల్లు వచ్చింది. వాళ్ళ జోడింపు తీసివేయించమని ఇంటావిడను ఇప్పుడే అడగండి, పాత బాడుగదారు ఫోను నంబరు ఆమె దగ్గర ఉన్నప్పుడే ఆ పని అయిపోవాలి. అగ్రిమెంటు మీద ఆర్.ఆర్. నంబరు రాయించడం మరిచిపోయి ఉంటే, సామాను దించే రోజున మీటరు దగ్గర నిలబడి ఆ నంబరును, అప్పటి రీడింగును ఒక ఫోటో తీసి ఆమెకు కూడా పంపండి.